పేరు పెట్టని తుఫాను వెంట

అందరికీ నమస్కారం. అనంతపురంలో కూర్చుని పసిఫిక్ మహాసముద్రం ముచ్చట ఏంటని మీకు అనిపించవచ్చు. సముద్రం చూడాలంటేనే మనం నెల్లూరు దాకా పోవాలి. అయినా నవంబరు వచ్చిందంటే చాలు, ఫిలిప్పీన్స్ దగ్గర తుఫాను పుట్టిందని, పది రోజుల్లో మన మీదికేనని గీత గీసిన మ్యాపొకటి వాట్సాప్‌లో తిరుగుతుంది. పప్పుశనగ విత్తిన రైతుకు ఒకటే టెన్షన్. సుడికి కేంద్రం ఏర్పడేదాకా ఆ గీతను నమ్మొద్దన్నదే నా మాట.

పసిఫిక్‌లో అనుమానం కలిగించే మబ్బుల గుంపు కనిపిస్తే అమెరికా వాళ్లు దానికి 90 నుంచి 99 లోపు ఒక నెంబరు ఇస్తారు. పడమటి పసిఫిక్ అయితే పక్కన డబ్ల్యూ. 99 అయిపోతే మళ్లీ 90. గాలి వేగం గంటకు 63 కిలోమీటర్లకు చేరితేనే జపాన్ వాతావరణ సంస్థ పేరు పెడుతుంది. ఆ లోపే చెదిరిపోయేవి బోలెడు.

అసలు కష్టం సుడి ఎక్కడుందో పట్టుకోవడం. జపాన్ వారి హిమావరి ఉపగ్రహం పది నిమిషాలకో ఫొటో తీస్తుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడిని బట్టి తీసే ఫొటోలో, కనిపించేది మబ్బుల పైభాగమే. ఎంత గుండ్రంగా, ఎంత భయంకరంగా ఉంటుందో! తీరా ఎండ పడ్డాక చూస్తే సుడి ఆ మబ్బుల కింద ఉండదు, ఎక్కడో పక్కన బోసిగా తిరుగుతుంటుంది. పైగాలులు మబ్బుల్ని అవతలికి తోసేసి ఉంటాయి. అక్కడ తెల్లారేసరికి మనకు రాత్రి రెండున్నరో మూడో. ఈ పిచ్చి పట్టినవాళ్లకు నిద్ర తక్కువ. మబ్బుల లోపలికి చూడగల మైక్రోవేవ్ ఉపగ్రహాలు ఉన్నాయి గానీ, అవి రోజుకు కొన్నిసార్లే ఆ చోటు మీదుగా పోతాయి. తుఫానులోకి విమానాలు పంపే అలవాటును పడమటి పసిఫిక్‌లో అమెరికా 1987లోనే మానేసింది.

తుఫాను దారిని అంచనా వేసే కంప్యూటర్ మోడల్ లెక్క మొదలయ్యేది ఆ సుడి కేంద్రం నుంచే. అదే సరిగ్గా తెలియనప్పుడు, పొద్దున వియత్నాం అన్న మోడల్ సాయంత్రానికి జపాన్ అంటుంది.

కేంద్రం దొరికాక దారి కొంత కుదురుతుంది, బలం మాత్రం మాట వినదు. తూర్పు పసిఫిక్‌లో 2023 అక్టోబరులో ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుఫాను నుంచి అన్నిటికన్నా బలమైన స్థాయి అయిన కేటగిరీ 5కు పెరిగి మెక్సికోలోని అకపుల్కో మీద పడింది. ముందురోజు ఏ ప్రధాన మోడలూ అంత బలాన్ని ఊహించలేదు.

మరి మన దాకా వస్తాయా? అరుదుగా. 2019 జనవరిలో పాబుక్ అనే తుఫాను థాయిలాండ్ దాటి, పేరైనా మారకుండా అండమాన్ సముద్రంలోకి వచ్చింది. ఆంధ్ర తీరం వైపు రాకుండా సముద్రంలోనే నీరసించిపోయింది.