సీటు మార్చుకున్న డాక్టరు

శ్రోతలకు నమస్కారం. నేను శ్రీకాకుళంలో మానసిక వైద్యుణ్ణి. మొదట చేరింది మాత్రం ఇందులో కాదు. ఎం.డి. జనరల్ మెడిసిన్‌లో సీటొస్తే మా ఊళ్ళో ఇంటింటికీ మిఠాయిలు పంచారు. ఏడాది తిరక్కుండానే ఆ సీటు వదిలేశాను. ఎందుకూ అని ఇప్పటికీ అడుగుతుంటారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ మరుసటేడు అటువైపు నుంచి ఒకావిడ మా ఓపీకి వచ్చేది. గుండె దడ, ఒళ్ళంతా మంటలు, నిద్ర లేదు. చంకలో ఒక కవరు. అందులో ఈసీజీ, ఎకో, థైరాయిడ్, ఎండోస్కోపీ, అన్నీ నార్మల్. నేనూ అందరిలాగే "ఏమీ లేదమ్మా, గ్యాస్" అని మాత్ర రాసి పంపేవాణ్ణి. మూడోసారి వచ్చినప్పుడు, "ఏటీ లేకపోతే నాకు నిద్దరెందుకు పట్టదు బాబూ?" అంది. జవాబు తెలియలేదు. వెనక లైను గుమ్మం దాటి ఉంది. సైకియాట్రీకి, అంటే మానసిక వైద్య విభాగానికి, చీటీ రాసిచ్చాను. అది ఏ గదో బయట ఎవర్నో అడిగిందట, వాళ్ళు ఏం చెప్పారో ఏమో, తిరిగొచ్చి చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

తోట పోయిందన్న సంగతి నేనడగలేదు. అడిగే తీరికా లేదు, నిజం చెప్పాలంటే ఎలా అడగాలో కూడా తెలియదు.

అమెరికాలో సైకియాట్రీ రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటి శిక్షణ, 4 ఏళ్ళు. మెడిసిన్‌లో ఏడాది చేసినవాళ్ళకు అక్కడ కొన్ని నెలలు కలిసొచ్చే వీలుంది. మన దగ్గర అలా కుదరదు. సీటుకు రాజీనామా చేయాలి, బాండు డబ్బు కట్టాలి, నీట్ పీజీ మళ్ళీ రాయాలి, 3 ఏళ్ళ కోర్సు మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. బాండు డబ్బు మా నాన్నే కట్టారు. కట్టి, "స్టెతస్కోపు పడేసి పిచ్చి డాక్టరువవుతావా? వాల్తేరు పిచ్చాసుపత్రి పేరు చెప్తే మనకు పిల్లనెవరిస్తారు?" అన్నారు. అమ్మ నెలరోజులు సరిగా మాట్లాడలేదు.

స్టెతస్కోపు పడేయలేదు. దిగులుగా ఉందని వచ్చినవాళ్ళకు థైరాయిడ్ చూస్తాం, ముసలివాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే రక్తంలో సోడియం చూస్తాం. విపరీతమైన హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం అనే పాత మందుంది, 1949 నుంచీ వాడుతున్నారు. మంచి మందే. కానీ అది ఒంట్లోంచి బయటకు పోవాల్సింది కిడ్నీల ద్వారా. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా లిథియం రాయడానికి నా చెయ్యి ఆడదు. మెడిసిన్‌లో గడిపిన ఆ కొద్ది నెలలు ఇలా రోజూ అక్కరకొస్తున్నాయి.

కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది ఊరుకోవడం. మనిషి మాట మధ్యలో ఆగితే మనం అందించకూడదు. అర నిమిషం మౌనం ఎంత పొడుగో ఆ గదిలో కూర్చుంటేగానీ తెలియదు! చాలామంది అసలు సంగతి లేచి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుంటూ చెప్తారు. అప్పుడు మళ్ళీ కూర్చోబెట్టాలి.

ఆసుపత్రి గడప తొక్కడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన నెల ఓ సాయంత్రం క్లినిక్ మూసే వేళకు మా నాన్న తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చారు, వెనక తలుపు వైపు నుంచి. ఆయనకు భార్య పోయినప్పటి నుంచి అన్నం సయించడం లేదట. గంటసేపు మాట్లాడాం. వెళ్తూ వెళ్తూ నాన్న వెనక్కి తిరిగి, "ఒరే, బోర్డు మీద ఆ సైకియాట్రిస్టు అన్న అక్షరాలు కాస్త చిన్నవి చేయించరాదూ" అన్నారు.

ఇంకా చేయించలేదు. నమస్కారం.