అట్టపెట్టెతో వాలుబల్ల: చూపు తక్కువున్న పిల్లల కోసం

[తెర మీద: బల్ల మీద చదునుగా పుస్తకం. ముక్కు పేజీకి తగిలేలా వంగి చదువుతున్న పాప]

వాయిస్: చూపు బాగా తక్కువున్న పిల్లలకు అక్షరం కనపడాలంటే పేజీ కంటికి దగ్గరగా రావాలి. పుస్తకం చదునుగా ఉంటే వాళ్లే వంగుతారు. మెడ, నడుము నొప్పి పుడతాయి, తల నీడ పేజీ మీదే పడుతుంది. అప్పుడు "నిటారుగా కూర్చో" అని దయచేసి గద్దించకండి. నిటారుగా కూర్చుంటే వాళ్లకు అక్షరం కనపడదు. లేపాల్సింది పుస్తకాన్ని.

[తెర మీద: సామాన్లు]

టీవీ డబ్బా లాంటి పెద్ద అట్టపెట్టె, మైదా, పాత న్యూస్‌పేపర్లు, మెరుపు లేని ముదురు ఆకుపచ్చ చార్టు, పాత సైకిల్ ట్యూబు, ఇనుప స్కేలు, కట్టర్. కోత పెద్దవాళ్లే కోయాలి.

[తెర మీద: జిగురు కాయడం]

ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మూడు కప్పుల నీళ్లు మరిగించి అందులో పోస్తూ, సన్నటి సెగ మీద దోసెపిండి చిక్కదనం వచ్చేదాకా తిప్పండి. పురుగు పట్టకుండా బైండింగు జిగురులో మైలుతుత్తం కలపడం మామూలే. అది విషం. పిల్లలు ముఖం ఆనించే వస్తువులో అసలు వద్దు.

[తెర మీద: అట్ట అంచు దగ్గరగా, లోపలి అలలు కనిపించేలా]

45 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవుతో మూడు ముక్కలు కోయండి. వీటిని ఒకదాని మీద ఒకటి అంటిస్తే పుస్తకం ఆనే పలక అవుతుంది. అట్ట లోపల అలల్లాంటి గాళ్లు ఒకే దిక్కుకు ఉంటాయి, అట్ట ఆ దిక్కునే సులువుగా మడత పడుతుంది. అందుకే మధ్య ముక్కలో గాళ్లు అడ్డంగా, మిగతా రెండింటిలో నిలువుగా రావాలి. మూడూ ఒకే దిక్కున అంటిస్తే పుస్తకం బరువుకు పలక మధ్యలో కుంగుతుంది.

జిగురు పల్చగా రాయండి. ఎక్కువైతే అట్ట నాని గాళ్లు అణిగిపోతాయి. ఒక రోజు ఇటుకల బరువు కింద ఉంచి, తర్వాత నీడలో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెడితే ఒక వైపు ముందు ఆరి పలక వంకర పోతుంది.

[తెర మీద: త్రిభుజం కొలతలు]

ఇక కోణం. నేల అంచు 33, వెనక ఎత్తు 12, వాలు అంచు 35 సెంటీమీటర్లు ఉండే లంబకోణ త్రిభుజాలు మూడు కావాలి. ఒక్కొక్కటి రెండు పొరల అట్ట. ఇది దాదాపు 20 డిగ్రీల వాలు, రాతకు సరిపోతుంది. చదవడానికి ఇంకా నిటారుగా కావాలంటే వెనక వైపు కింద రెండు పుస్తకాలు పెట్టి చూడండి. పాప మెడ ఎక్కడ తేలికపడితే అదే ఆ పాప కోణం. మీ మండలంలో భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం ఉంటే, ఆ పిల్లలకు నేర్పే అక్కడి ఐఈఆర్‌పీ టీచరుకు చూపించి ఖాయం చేసుకోండి.

త్రిభుజాలను రెండు చివర్లా, మధ్యలో నిలబెట్టి, కింద 45×33 అట్ట, వెనక 45×12 అట్ట, పైన పలక అంటించండి. ప్రతి మూలకూ లోపలా బయటా న్యూస్‌పేపరు పట్టీలు వేయండి. పలకకు కాగితం పైవైపే అంటిస్తే అది ఆరుతూ ముడుచుకుని పలకను లాగేస్తుంది. కిందా అంటించాలి.

[తెర మీద: ముందు అంచు, అడుగు భాగం]

పుస్తకం జారకుండా ముందు 1.5 సెంటీమీటర్ల ఎత్తు పట్టీ చాలు. ఇంకా ఎత్తయితే రాసేటప్పుడు మణికట్టు ఒరుసుకుంటుంది. అడుగున నాలుగు మూలలా ట్యూబు ముక్కలు అంటిస్తే బల్ల కదలదు. పైన చార్టు అంటించండి. గట్టిగా ఉంటుందని ప్యాకింగు టేపు చుట్టొద్దు. వెలుతురు దాని మీద మెరిసి కళ్లలో కొడుతుంది.

[తెర మీద: నల్ల చార్టు కిటికీ]

వరుస తప్పే పిల్లలకు ఇంకొకటి. నల్ల చార్టులో 18 సెంటీమీటర్ల పొడవు, ఒక వరుస పట్టేంత వెడల్పు కిటికీ కోసి పేజీ మీద జరపనివ్వండి. ఒత్తులు, గుడులు తెగకుండా పాఠ్యపుస్తకం వరుస కొలిచి, పైనా కిందా 2 మిల్లీమీటర్లు వదలండి. లామినేషన్ దీనికీ వద్దు.

[తెర మీద: వాలుబల్ల మీద రాస్తున్న పాప, ఎడమ పక్క కిటికీ]

కుడిచేత్తో రాసే పాపకు వెలుతురు ఎడమ నుంచి, ఎడమచేత్తో రాసే పాపకు కుడి నుంచి రావాలి. డాక్టరు రాసిన కళ్లద్దాలు మాత్రం పెట్టుకునే ఉండాలి.