డిటెక్టివ్ ఓడిపోతే పాఠకుడికి ఎందుకంత కోపం?

(స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం ఇది. ఇంకా చదవనివాళ్లకు అన్యాయం జరగకూడదని నవల పేరు, రచయిత పేరు, పాత్రల పేర్లు ఎత్తకుండా మాట్లాడాలని అందరూ ముందే ఒప్పుకున్నారు. మాట తప్పిన చోట కత్తెర పడింది. పాల్గొన్నవారు: లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు, నైట్ డ్యూటీ విరామాల్లో నవలలు చదివే ఒక నర్సు, ఒక సాహిత్య విమర్శకురాలు, క్రైమ్ నవలలు ఎడిట్ చేసే ఒక సంపాదకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ నవల గురించి ఇద్దరు స్నేహితులను అడిగాను. ఒకరు "తెల్లవారేదాకా కింద పెట్టలేదు" అన్నారు. ఇంకొకరు "డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కో" అన్నారు. ఫరవాలేదు, బాగానే ఉంది అన్నవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. మాస్టారూ, మీరే గట్టున ఉన్నారో ముఖం చూస్తేనే తెలుస్తోంది.

మాస్టారు: దాచడానికేముందండీ! ఈ రచయితవి ఇంతకు ముందు పదకొండు చదివాను. పదకొండింట్లోనూ అదే డిటెక్టివ్. నాకో అలవాటుంది. నోట్సు పక్కన పెట్టుకుని చదువుతాను. ఎవరు ఏ టైముకి ఎక్కడున్నారో పట్టిక గీసుకుంటాను. ఆరింట్లో డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి పట్టుకున్నాను. అయిదింట్లో ఓడిపోయాను. ఓడిపోయినా సంతోషంగానే పడుకున్నాను. ఈసారి ఏమైందంటే, ఆయనే తప్పు మనిషిని పట్టుకున్నాడు! అసలు సంగతి చివర్లో ఒక ఉత్తరం చెబుతుంది. ఆ ఉత్తరం ఆయన కంట పడదు. అంటే ఈ జన్మకి ఆయనకు తెలియదన్నమాట. ఇదేం న్యాయం?

వ్యాఖ్యాత: మాస్టారూ! రెండో నిమిషంలోనే అంతా చెప్పేశారు.

సంపాదకుడు: ఆయన తప్పేం లేదు లెండి. "మొట్టమొదటి ఓటమి" అని పుస్తకం వెనక అట్ట మీదే వేశారు. నేనైతే వేయనిచ్చేవాణ్ణి కాదు.

నర్సు: నేను ఆ మాట చూసే కొన్నానండీ. ఎలా ఓడిపోతాడో చూద్దామని.

విమర్శకురాలు: మీలాంటివాళ్లు తక్కువేం కాదు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు పన్నెండు చిన్నకథలతో ఒక పరీక్ష చేశారు. వాటిలో మిస్టరీ కథలు కూడా ఉన్నాయి. ముగింపు ముందే చెప్పి చదివించినవాళ్లకు ఆ కథలు సగటున కొంచెం ఎక్కువే నచ్చాయి.

మాస్టారు: చిన్నకథ అంటే అరగంట పనండీ. నాలుగు వందల పేజీలు మోసినవాడికి ఆ లెక్క వర్తించదు.

విమర్శకురాలు: (నవ్వుతూ) అదీ నిజమే.

వ్యాఖ్యాత: సంపాదకులుగారూ, మీరు చెప్పండి. హంతకుడు నచ్చలేదనో, ట్విస్టు తేలిపోయిందనో గొడవపడితే అర్థముంది. ఇక్కడ కోపమంతా డిటెక్టివ్ ఓడిపోయాడనే. ఆయన కల్పిత పాత్ర కదా?

సంపాదకుడు: ఆ మాట పాఠకుడితో అనకండి, కొడతారు. 1893 డిసెంబరులో కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతం దగ్గర చంపేసినప్పుడు ఏమైందో తెలిసిందే. పాఠకులు కోపంగా ఉత్తరాలు రాశారు, పత్రిక చందాలు మానేశారు. డాయల్‌కేమో హోమ్స్‌తో విసుగొచ్చింది. చారిత్రక నవలలు రాసుకోవాలని ఆయన కోరిక. ఎనిమిదేళ్లు ఆగి 1901లో మళ్లీ హోమ్స్ నవల మొదలుపెట్టాడు, అదీ చావుకు ముందు జరిగిన కథ అన్నట్టుగా. 1903లో ఇక తప్పక, అసలు చనిపోనేలేదని తిరిగి తెచ్చాడు. రాసినవాడు ఒకడే గానీ, హక్కుదారులు వేలమంది.

మాస్టారు: ఒక్క మాట. హోమ్స్ చనిపోయాడు, ఒప్పుకుంటాను. కానీ పొరపాటు చేసి చనిపోలేదు కదా!

నర్సు: అంటే మాస్టారుగారూ, మీ డిటెక్టివ్ చనిపోయినా ఫరవాలేదు గానీ తప్పు చేయకూడదంటారా?

మాస్టారు: (కాసేపు ఆగి) ...అవునండీ. అలాగే అనుకోండి.

(నవ్వులు)

విమర్శకురాలు: మాస్టారుగారు నవ్వులో పడేశారు గానీ, అసలు సంగతి అక్కడే ఉంది. అపరాధ పరిశోధన నవలలో డిటెక్టివ్ మన తరఫున కథలో నిలబడే మనిషి. కథ మొదట్లో అంతా గందరగోళంగా ఉంటుంది. ఆయన వచ్చి ఒక్కో వస్తువునీ దాని చోట పెడతాడు. ఆ సర్దుబాటు కోసమే సగం మంది ఈ నవలలు చదువుతారు. ఇక్కడ అన్నీ సర్దేశాక, ఒక నిర్దోషి జైలుకి వెళ్లాక, మనకొక్కరికే నిజం చెప్పి పుస్తకం మూసేశారు. డిటెక్టివ్‌కి తెలియదు, పోలీసులకి తెలియదు. ఆ నిజాన్ని మనం ఏం చేసుకోవాలి? చదివి మూడు రోజులైనా నాకు ఆ జైలు మనిషే గుర్తొస్తున్నాడు. కొందరికి నవల గొప్పతనమే అది. కొందరికి టెన్షన్ తీరకుండా మిగిలిపోయింది.

వ్యాఖ్యాత: ఇలాంటిది ఇదే మొదటిసారా?

సంపాదకుడు: కాదు. 1913లోనే ఒక ఇంగ్లీషు నవలలో డిటెక్టివ్ ఆధారాలన్నీ చక్కగా పేర్చి, తప్పుడు నిర్ణయానికి వస్తాడు. పేరు చెప్పను, చెబితే దాన్నీ పాడు చేసినవాణ్ణవుతాను. కాకపోతే అక్కడ ఆయనకు తన తప్పు తెలుస్తుంది. తెలిసి ఇక ఈ పని నాకొద్దంటాడు. ఇక్కడ తెలియదు. తేడా చిన్నదే గానీ కోపానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

మాస్టారు: నా ఫిర్యాదు ఇంకొకటుంది. ఈ ఆటకు నియమాలుంటాయండీ. రోనాల్డ్ నాక్స్ అని ఒక మతగురువు, డిటెక్టివ్ నవలలు కూడా రాసేవాడు, 1929లో పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి ఏ క్లూ దొరికినా వెంటనే పాఠకుడికి చూపించాలి. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి. ఈ పుస్తకంలో నాకు క్లూ ఏదండీ? లేని క్లూని నేనెక్కడ వెతకను? చివరికి ఒక ఉత్తరం పడేసి నమ్మమంటే ఎలా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది.

విమర్శకురాలు: నియమాలు మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. అంతకు ముందు సంవత్సరం, 1928లో వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత ఇరవై నియమాలు రాశాడు. అందులో రెండోది ఏమంటుందంటే, హంతకుడు డిటెక్టివ్‌ని మోసం చేయడానికి వేసిన ఎత్తులు తప్ప, రచయిత తనంతట తాను పాఠకుణ్ణి మోసం చేయకూడదు. ఈ నవలలో మోసం అంతా హంతకుడిదే. డిటెక్టివ్ ఏ ఎత్తుకి పడిపోయాడో మనమూ దానికే పడ్డాం. నియమం ప్రకారం తప్పెక్కడుంది?

నర్సు: అందరూ పడలేదండీ. నేను సగం పట్టుకున్నాను.

వ్యాఖ్యాత: ఎలా? పేర్లు లేకుండా.

నర్సు: శవాన్ని చూసిన డాక్టరు "రాత్రి 9:20కి చనిపోయాడు" అంటాడు చూడండి. అక్కడే పుస్తకం మూసి నవ్వుకున్నాను. నేను పోస్ట్‌మార్టం చేసే డాక్టరుని కాదు, వార్డులో పనిచేసేదాన్ని. కానీ ఒంటి వేడి చూసి నిమిషాలతో సహా ఎవరూ చెప్పలేరని నాకు తెలుసు. చనిపోయాక ఒంటి వేడి గంటకి ఒక డిగ్రీకి అటూ ఇటూగా తగ్గుతుందని ఒక మోటు లెక్క ఉంది. అదీ గది చల్లగా ఉందా, వెచ్చగా ఉందా, ఒంటి మీద దుప్పటి ఉందా, మనిషి లావా, సన్నమా, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. నిజం డాక్టరైతే ఎనిమిది నుంచి పదకొండు మధ్య అంటాడు. ఇరవై నిమిషాలు అని కచ్చితంగా అన్నాడంటే రెండే కారణాలు. ఒకటి, రచయితకి వైద్యం తెలియదు. రెండు, కావాలనే అనిపించారు.

మాస్టారు: నేను నా పట్టిక మొత్తం 9:20 మీదే కట్టాను.

నర్సు: మీ డిటెక్టివ్ కూడా అంతే కదండీ.

(మౌనం)

విమర్శకురాలు: ఇది నాకు తట్టలేదు. నేను ఆ డాక్టరు మాటని రచయిత అజ్ఞానం కిందే వదిలేశాను. క్రైమ్ నవలల్లో అలాంటివి చూసీచూసీ అలవాటైపోయింది. అన్ని నవలల్లోనూ డాక్టర్లు టైము అలాగే చెబుతారు కదా. ఆ అరిగిపోయిన అలవాటు వెనకాలే క్లూని దాచారన్నమాట! ఇది నాకు బాగా నచ్చింది.

నర్సు: దానికి ముందు ఇంకొకటుంది. గదిలోకి మొదట వెళ్లిన అక్క పాత్ర... అంటే కథ చెప్పే ఆవిడ...

(ఇక్కడ సుమారు నలభై సెకన్లు తీసేశాం. ఆవిడ పేరు చెప్పారు.)

వ్యాఖ్యాత: ...అందుకే ముందే బతిమాలాను. సరే, వేరే వైపు వెళ్దాం. పుస్తకం నచ్చనివాళ్లందరూ మాస్టారులాగా డిటెక్టివ్ కోసమే అలగలేదు. కొందరు బోరు కొట్టిందన్నారు.

విమర్శకురాలు: వాళ్లతో నేను ఏకీభవిస్తాను. క్లూ బాగుంది, ముగింపుకి ధైర్యం కావాలి, అంతా ఒప్పుకుంటున్నాను. కానీ మధ్యలో వంద పేజీలు విచారణల మీద విచారణలు. ఒకే ప్రశ్న ఏడుగురిని అడుగుతాడు, ఏడుగురూ ఒకే సమాధానం చెబుతారు. ఇక ఆ చివరి ఉత్తరం. పద్నాలుగు పేజీలు! నేరం చేసిన మనిషి ఎవరికి రాస్తున్నట్టు? ప్రతి అడుగూ ఎందుకు వివరిస్తున్నట్టు? పాఠకుడు సరిపెట్టుకోలేడని రచయితకి భయం పట్టుకుంది. రెండు పేజీల్లో సగం చెప్పి ఆపితే, మనమే వెనక్కి వెళ్లి వెతుక్కునేవాళ్లం. మాస్టారుగారి కోపానికి ఆ ఉత్తరమే సగం కారణమని నా అనుమానం. క్లూలు పుస్తకంలో ఉన్నా, ఉత్తరం అన్నీ తనే చెప్పేయడంతో అప్పటికప్పుడు పుట్టించినట్టు అనిపిస్తుంది.

సంపాదకుడు: నేను కోసేవాణ్ణి. నాలుగు పేజీలకి తెచ్చేవాణ్ణి. అయితే ఇంత పేరున్న రచయిత ఒప్పుకోవాలి కదా. పేరు పెరిగే కొద్దీ మా కత్తెర పదును తగ్గుతుంది. ఎక్కడైనా ఇదే తంతు.

వ్యాఖ్యాత: పేరు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇదే నవల కొత్త రచయిత పేరుతో వచ్చుంటే ఇంత గొడవ అయ్యేదా?

సంపాదకుడు: గొడవ కాదు కదా, చదివేవాళ్లే ఉండేవారు కాదేమో. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే కొత్త పేరుతో ఒక డిటెక్టివ్ నవల వచ్చింది. చదివిన కొద్దిమందీ మెచ్చుకున్నారు. బ్రిటన్‌లో దాదాపు 1,500 హార్డ్‌కవర్ కాపీలు అమ్ముడయ్యాయని పత్రికలు రాశాయి. జులైలో అది హ్యారీ పాటర్ నవలలు రాసిన జె.కె. రోలింగ్ మారుపేరని బయటపడగానే అమ్మకాలు ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరాయి. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారుపేరుతో ఉన్నన్నాళ్లూ ఎవరి అంచనాలూ మోయకుండా రాసే వీలుందని ఆవిడ కూడా అన్నారు. ఈ నవల ఆ వీలు లేకుండా వచ్చింది. పదకొండు నవలల బరువు నెత్తిన పెట్టుకుని వచ్చింది.

నర్సు: నేను ఆయనవి ఇంతకు ముందు చదవలేదండీ. ఇదే మొదటిది. అందుకే నాకు ఆ డిటెక్టివ్ మీద ప్రత్యేకంగా ప్రేమేం లేదు. ఓడిపోయాడు, పాపం అనుకున్నానంతే. ఆ జైలుకెళ్లిన అబ్బాయి తల్లి డిటెక్టివ్‌కి దండం పెట్టే చోట మాత్రం డ్యూటీలో ఏడ్చాను. పక్కనే ఉన్న సిస్టర్ ఏమైందని అడిగితే పుస్తకం చూపించాను. ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది.

విమర్శకురాలు: నవల మొత్తంలో అత్యంత మంచి పేజీ అదే. ఆవిడ ఎందుకు దండం పెడుతోందో, ఎవరికి పెడుతోందో, రెండోసారి చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మాస్టారు: నేను రెండోసారి చదవనండీ. ముందే చెబుతున్నాను.

వ్యాఖ్యాత: టైము దగ్గరపడింది. మాస్టారూ, ఒక్క ప్రశ్న. పన్నెండోది ఇలా అయ్యింది, పదమూడోది వస్తే కొంటారా?

మాస్టారు: కొంటాను. తిట్టుకుంటూ కొంటాను. ఇంతకీ ఈ అమ్మాయి చెప్పింది వదలబుద్ధి కావడం లేదు. డాక్టరు మాటకి ముందు ఇంకొక క్లూ ఉందన్నావు కదమ్మా. పేరు చెప్పొద్దు, పేజీ చెప్పు చాలు.

నర్సు: నలభై ఏడు, మాస్టారుగారూ. పేజీ అడుగున. గదిలోకి వెళ్లినావిడ ముందుగా ఏం చేసిందో ఒక్క వాక్యం ఉంటుంది చూడండి.

మాస్టారు: (సంచిలోంచి పుస్తకం తీసి, పేజీలు తిప్పి) "గది ఉక్కగా ఉంది. హీటర్ ఆపి కిటికీ తెరిచాను." ఇదేనా?

నర్సు: అదే. గది అంత వేడిగా ఉంటే ఒళ్లు చల్లబడటం ఆలస్యమవుతుంది. చూసినవాళ్లకి చావు ఇప్పుడే జరిగినట్టు కనిపిస్తుంది. అసలు టైము 9:20 కంటే చాలా ముందు. అప్పుడు ఎవరు ఎక్కడున్నారో చూసుకోండి.

(మాస్టారు నోట్సు తీసి వెతుకుతారు. స్టూడియోలో ఎవరూ మాట్లాడరు.)

వ్యాఖ్యాత: ఏమైంది మాస్టారూ?

మాస్టారు: రాసుకున్నానండీ. ఇదిగో, నలభై ఏడో పేజీ, హీటర్, కిటికీ. పక్కన బ్రాకెట్లో "అనవసరం" అని నేనే రాసి కొట్టేశాను.