శనివారం మూడు ప్రశ్నలు

శ్రోతలకు నమస్కారం.

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. అప్రైజల్ రోజు మేనేజరు గారు కాగితం ముందు పెట్టుకుని, "ఈ ఏడాది మీరు చేసిన ముఖ్యమైన పనులు నాలుగు చెప్పండమ్మా" అన్నారు. రెండు చెప్పాను. మూడోది నోటికి రాలేదు. ఏడాది పొడవునా రాత్రి ఎనిమిదింటిదాకా సీట్లో కూర్చున్న మనిషిని! ఆ ఏడు జీతం పెరగలేదు. అంతకన్నా నన్ను కుదిపేసింది ఏమిటంటే, నా పని నాకే గుర్తులేదు.

ఆ సాయంత్రమే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ప్రతి శనివారం ఇంటికి బయల్దేరేముందు మూడు ముక్కలు రాసేదాన్ని. ఈ వారం ఏం పూర్తిచేశాను? కొత్తగా ఏం నేర్చుకున్నాను? దేనికి విసుగొచ్చింది?

రెండో ప్రశ్న కింద వరుసగా పదకొండు వారాలు ఖాళీయే. గానుగెద్దులా తిరుగుతున్నానని ఆ ఖాళీలు చూశాకే తెలిసింది. పక్క సెక్షన్‌లో పన్నుల పని చూసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, "మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట నేర్పిస్తారా అండీ?" అని అడిగాను. ఆయన సంతోషంగా నేర్పారు. మూడో ప్రశ్న జవాబులు తిరగేస్తే మరో సంగతి బయటపడింది. నా విసుగు పని మీద కాదు, సాయంత్రం ఆరింటికి "ఇది ఇప్పుడే కావాలి" అంటూ వచ్చే ఫైళ్ల మీద. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నదాన్ని, ఆ ఫైళ్లు మధ్యాహ్నానికల్లా పంపమని అడిగాను. సగం సార్లు పంపారు. ఆ సగంతోనే ఇంట్లో, ఒంట్లో టెన్షన్ చాలా తగ్గింది.

ఆ ఖాళీ వారాల్లో నాకు తరచూ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చేవారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి వాళ్లిద్దరి పేరుతోనే నిలిచింది. అయినా అక్కడ ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు మారారు. పెద్ద విశ్వవిద్యాలయం వదిలి కంపెనీకి వెళ్లడం దిగజారడంలా కనిపించవచ్చు. కానీ ఆయన చెయ్యాలనుకున్న పని అక్కడే సాగింది. 1948లో కన్నుమూసేలోపే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు ఆ ప్రయోగశాల నుంచి వచ్చాయి. మన ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర అదే. కుర్చీ పోయినా పనిని చేజార్చుకోని మనిషి ఆయన. ఆయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

అకౌంట్స్ మనిషిని కాబట్టి పీఎఫ్ గురించి చెప్పకుండా ముగించలేను. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడి కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. పదకొండేళ్లలో నాలుగు కంపెనీలు మారాడు. మారిన ప్రతిసారీ పీఎఫ్‌తో పాటు పింఛను సొమ్ము కూడా తీసేసుకున్నాడు. పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. డబ్బు తీసుకున్న సర్వీసు లెక్కలోకి రాదు. అతను మళ్లీ సున్నా దగ్గర మొదలుపెట్టాడు. పాత పీఎఫ్ ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోవచ్చని ఎవరూ చెప్పలేదట.

మీలో ఉద్యోగం మారినవాళ్లు ఉంటే, 12 అంకెల యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు)తో పీఎఫ్ వెబ్‌సైటులో మీ సర్వీస్ హిస్టరీ తెరిచి చూడండి. పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగ్గా పడ్డాయా? మానేసిన తేదీ లేకపోతే బదిలీ దగ్గర చిక్కొస్తుంది. ఈ వారంలోనే చూసుకోండి.

సెలవు. నమస్కారం.