స్ప్రింగ్ ప్రీలోడ్: టేపుతో కొలిచి సరిచేసే పద్ధతి

[తెరపై: సెంటర్ స్టాండ్ మీద నిలిపిన బండి, వెనుక షాక్ అబ్జార్బర్ దగ్గరి దృశ్యం]

నమస్కారం. వెనుక షాక్ అబ్జార్బర్ కాలర్‌ను, అంటే స్ప్రింగును నొక్కి ఉంచే మెట్ల రింగును, రెండు మెట్లు తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందన్న మాట హన్మకొండ, కాజీపేట మెకానిక్ షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. అది సరికాదు. ఒక మిల్లీమీటరు దిగడానికి 2 కిలోల బరువు కావలసిన స్ప్రింగును 10 మిల్లీమీటర్ల మేర ముందే నొక్కి ఉంచితే, మొదటి 20 కిలోల వరకు అది కదలదు; ఆ తరువాత మాత్రం ప్రతి 2 కిలోలకు ఎప్పటిలాగే ఒక మిల్లీమీటరు దిగుతుంది. ముందే నొక్కి ఉంచిన ఆ కొలతే ప్రీలోడ్. దానితో మారేది బరువు పడినప్పుడు బండి నిలబడే ఎత్తు. బరువుకు బండి దిగే దూరాన్ని సాగ్ అంటారు.

[తెరపై: వెనుక ఇరుసు నుంచి సీటు కింది గుర్తు వరకు టేపు]

సెంటర్ స్టాండ్ మీద వెనుక చక్రం గాలిలో వేలాడుతుండగా, ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైన ఒక గుర్తు పెట్టి దూరం కొలవండి. అది 560 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. తరువాత బండిని దింపి, ఒకరు హ్యాండిల్ పట్టుకోగా, మీరు హెల్మెట్‌తో సహా కూర్చుని రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టండి. మరొకరు అదే దూరాన్ని కొలవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. సీళ్లలో, బుష్‌లలో రాపిడి వల్ల బండి ప్రతిసారీ ఒకే చోట ఆగదు కనుక, ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి, మరోసారి పైకి లేపి మెల్లగా వదిలి, రెండు కొలతల సగటు తీసుకోవాలి. సగటు 528 అయితే సాగ్ 32 మిల్లీమీటర్లు. చక్రం మొత్తం కదలికలో ఇది నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటే రోడ్డు బండికి చాలు.

[తెరపై: సి-స్పానర్‌తో కాలర్ తిప్పడం]

సాగ్ ఎక్కువైతే ప్రీలోడ్ పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. కాలర్ మెట్ల మీద పేరుకున్న మట్టిని ముందుగా బ్రష్‌తో తీసి, బండి సెంటర్ స్టాండ్ మీద ఉండగానే తిప్పండి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండి తీరాలి. భార్యాభర్తలిద్దరూ బెల్లం మూటతో మేడారం జాతరకు బయలుదేరే రోజున, ఒక్కరి బరువుకు పెట్టిన మెట్టు సరిపోదు. వెనుక భాగం కుంగితే ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ మందంగా తిరుగుతుంది, హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో పడుతుంది. ములుగు దాటాక అడవి దారిలో రాత్రిపూట ఇది నిజంగా ప్రమాదకరం. అలాగని ఒంటరిగా తిరిగే రోజుల్లోనూ పై మెట్టులోనే ఉంచితే, చక్రం గుంతలోకి దిగడానికి కావలసిన సాగ్ మిగలక బండి ఎగిరెగిరి పడుతుంది.

[తెరపై: మనిషి లేకుండా బండి ఒక్కటే, టేపుతో]

మనిషి కూర్చున్నప్పటి సాగ్ కుదిరాక, బండిని తన బరువు మీదనే నిలిపి ఇంకోసారి కొలవండి. అప్పుడు దాదాపు ఏమీ దిగకపోతే, మీ బరువుకు ఆ స్ప్రింగ్ మెత్తనిదని, ప్రీలోడ్ అతిగా పెట్టి నెట్టుకొస్తున్నామని అర్థం. మరీ ఎక్కువ దిగితే స్ప్రింగ్ గట్టిదని అర్థం. ఈ రెండింటికీ కాలర్ దగ్గర పరిష్కారం లేదు, తగిన స్ప్రింగులను జతగా మార్చవలసిందే.