ఏఐ రాసిందా, మనిషి రాశాడా? ఆరుగురం కూర్చుని ఆడిన మూడు ఆటలు | రివ్యూ

నమస్కారం అందరికీ. ఈసారి రివ్యూ ఫోన్ మీదా కాదు, యాప్ మీదా కాదు, ఆట మీద. మూడు ఆటలు, మా బ్యాచ్ ఆరుగురం, నాలుగు ఆదివారాలు. మూడింటిలోనూ పని ఒకటే, కళ్ల ముందున్న రాత మనిషిదా ఏఐదా అని కనిపెట్టడం. ముందే చెప్పేస్తున్నా, నాకు బాగా నచ్చింది కాగితం, పెన్నుతో మేమే పెట్టుకున్న ఆట. అది చివర్లో చెప్తా, ముందు మిగతా రెండూ గబగబా చూసేద్దాం.

మొదటిది హ్యూమన్ ఆర్ నాట్. ఏఐ21 ల్యాబ్స్ అనే ఏఐ కంపెనీ వాళ్లు 2023లో పెట్టారు. ఎవరితోనో రెండు నిమిషాలు చాట్ చేస్తారు, టైమ్ అయిపోయాక అవతల ఉన్నది మనిషా, బాటా (అంటే మనిషిలా చాట్ చేసే ఏఐ ప్రోగ్రామా) చెప్పాలి. మొదటి నెలలోనే 15 లక్షల మందికి పైగా ఆడారట. వాళ్లు చెప్పిన లెక్కలో సరైన జవాబులు 100కి 68, అవతల బాట్ ఉన్నప్పుడైతే 60 మాత్రమే. బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తాయి కదా, అంటే మనం పెద్దగా పొడిచిందేమీ లేదు. మేం ఒకే స్క్రీన్ చుట్టూ మూగి ఆడాం, ఇల్లు పీకి పందిరేశాం, నవ్వీ నవ్వీ అలసిపోయాం. కానీ నేర్చుకున్నది? తిడితే మనిషి, స్పెల్లింగ్ తప్పు ఉంటే మనిషి, ఇదీ మా లాజిక్. ఆ ఆటలో బాట్‌లు కావాలనే యాస మాట్లాడతాయని, స్పెల్లింగ్ తప్పులు కూడా చేస్తాయని తర్వాత తెలిసింది. పైగా ఆట అయ్యాక జవాబు తెలుస్తుంది గానీ ఎందుకు మోసపోయామో తెలియదు. సరదాకి 5కి 4, చదువుకి 2.

అన్నట్టు దీనికి మూలం 1950లో కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ రాసిన వ్యాసం. అందులో ఆయన మొదలుపెట్టింది మిషన్‌తో కాదు, ముగ్గురు మనుషుల ఆటతో. ఒక మగ, ఒక ఆడ వేరే గదిలో ఉంటారు, మూడో మనిషి టైప్ చేసిన జవాబులు చూసి ఎవరెవరో చెప్పాలి. ఆ తర్వాతే వాళ్లలో ఒకరి చోట మిషన్‌ని పెడితే ఏమవుతుందని అడిగాడు. కాబట్టి ఇది పుట్టుకతోనే నలుగురు కూర్చుని ఆడుకునే ఆట.

రెండోది రియల్ ఆర్ ఫేక్ టెక్స్ట్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లది. ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది. ఒక్కో వాక్యం కనిపిస్తూ ఉంటుంది, మొదటిది మనిషి రాసిందే, ఎక్కడో ఒకచోట మిషన్ అందుకుంటుంది, ఆ చోటు పట్టుకోవాలి. సరిగ్గా అక్కడే ఆపితే 5 పాయింట్లు, లేటయ్యే కొద్దీ తగ్గుతాయి, తొందరపడి ముందే ఆపితే సున్నా. ఇంతకుముందు "మొత్తం మీద ఏదో తేడాగా ఉంది" అనేవాళ్లం, ఇక్కడ "ఏ వాక్యం దగ్గర?" అని అడుగుతారు, దాంతో చదివే పద్ధతే మారిపోతుంది. మైనస్ ఏంటంటే, అందులో ఎక్కువ భాగం జీపీటీ-2 అనే పాత ఏఐ కాలం రాతలు, ముందు చెప్పినదానికి తర్వాత చెప్పినదానికి పొంతన ఉండదు. ఇప్పటి ఏఐ అంత సులువుగా దొరకదు.

ఇక మా ఆట. అందరికీ ఒకే విషయం, "తాళంచెవి పోయిన రోజు" లాంటిది. ఐదుగురు తలా నాలుగు వాక్యాలు రాస్తారు, ఆరో మనిషి అవన్నీ తీసుకుని, ఏఐతో ఒకటి రాయించి, కలిపేసి అన్నీ తన చేత్తోనే తిరగరాస్తాడు. మొదటి వారం అలా రాయలేదు, చేతిరాత చూసి పట్టేసుకున్నాం, ఆట చెడింది. తర్వాత అసలు రూల్: ఎవరూ నోరు విప్పకముందే ఓటు రాయాలి, ఏ ముక్క చూసి అనుమానం వచ్చిందో దాని కింద గీత గీయాలి. ఆ తర్వాతే వాదన. జవాబు చెప్పేది అన్నిటికంటే ఆఖర్న.

ఈ గీత రూల్ లేనప్పుడు మా బావ ఏమంటే అందరం అదే అనేవాళ్లం, ఆయన గొంతు పెద్దది మరి. గీత వచ్చాక ఆయనే ఎక్కువసార్లు ఓడిపోతున్నాడని బయటపడింది! మా చిన్నోడు ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు, వాడు గీసిన గీతలేమో కరెక్ట్. "ముఖ్యపాత్ర పోషిస్తుంది", "ఇది కేవలం తాళం కాదు, ఒక జ్ఞాపకం" ఇలాంటివి వాడికి వెంటనే దొరుకుతాయి. ఎలారా అంటే, రోజూ ఏఐతో రాయిస్తుంటా కదా అన్నాడు. 2025లో వచ్చిన ఒక పరిశోధనలోనూ ఇదే తేలింది, రాతపనికి ఏఐని తరచూ వాడే ఐదుగురి మెజారిటీ ఓటు తీసుకుంటే 300 వ్యాసాల్లో తప్పింది ఒక్కటే. అంతకుముందు 2021లో, అలాంటి అలవాటు లేనివాళ్లకి జీపీటీ-3 రాతలు చూపిస్తే దాదాపు బొమ్మా బొరుసే, కాసేపు ట్రైనింగ్ ఇచ్చినా 55 శాతం దాకా వచ్చారంతే.

ఒక గొడవ కూడా చెప్పాలి. మా అక్క రాత చాలా నీట్‌గా ఉంటుంది, పూర్తి వాక్యాలు, ఎక్కడా తప్పుండదు. వరసగా మూడు రౌండ్లు ఆమెనే ఏఐ అన్నాం. మూడోసారి నవ్వలేదు, లేచి వెళ్లిపోయింది. అప్పటిదాకా ఏఐని పట్టుకున్నామా లేదా అన్నదే లెక్కేసేవాళ్లం, మనిషిని ఎన్నిసార్లు ఏఐ అన్నామో ఎవడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు మనిషిని ఏఐ అంటే మైనస్ 2. సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడే బోల్తా పడింది లెండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ వాళ్లు 2023 జనవరిలో పెట్టిన డిటెక్టర్ (రాత ఏఐదా కాదా చెప్పే సాఫ్ట్‌వేర్) సరిగ్గా చెప్పట్లేదని జులైలో వాళ్లే తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకి రాసిన వ్యాసాలు ఏడు డిటెక్టర్లకి ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలు ఏఐవే అన్నాయి. పాపం కష్టపడి రాసుకున్నవాళ్లు!

మా ఆటకి 5కి 4న్నర. అర ఎందుకు కోశానంటే, తిరగరాసేవాడికి చెయ్యి పడిపోతుంది, ఆ రౌండ్‌లో వాడికి ఆడేందుకూ ఏమీ ఉండదు.

సరే, మా నాలుగో ఆదివారం నుంచి రెండు ముక్కలు చదువుతా, వినండి.

ఒకటి: "తాళంచెవి పోయింది. అందరం వెతికాం. నాన్న మాత్రం గుమ్మంలో కూర్చుని పేపర్ చదువుకున్నాడు. సాయంత్రం ఆ పేపర్ కిందే దొరికింది."

రెండు: "మొదట కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. ఆఖరికి నవ్వొచ్చింది. మెట్ల మీద కూర్చుని పక్కింటాయనతో మొదటిసారి మాట్లాడాను."

ఆరోజు మా ఐదుగురిలో నలుగురం తప్పు చెప్పాం. ఈ రెండిట్లో ఏఐది ఏదని మీ ఓటో, ఏ మాట చూసి అలా అనుకున్నారో కామెంట్‌లో రాయండి, కాకపోతే పక్కవాళ్లు రాసింది చదవకముందే రాయాలి.