పసుపు లైటు వెలిగితే ముందు ఫోటో తీయండి: పాత కార్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం, కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు పాత కార్లలో చెక్ ఇంజిన్ లైటు గురించి మాట్లాడుకుందాం, ఇంట్లోనే మనం ఎంతవరకు చూసుకోవచ్చు అనేది. మెకానిక్ గారు మనతో ఉన్నారు. నమస్తే అండి.

మెకానిక్: నమస్తే అండి. ఫోన్లు తీసుకునే ముందు రెండు మాటలు చెప్పేస్తాను, లేకపోతే ప్రతి ఒక్కరికీ అదే చెప్పాల్సి వస్తుంది. ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వచ్చి అలా నిలకడగా వెలుగుతూ ఉంటే భయపడక్కర్లేదు, బండి మామూలుగా పోతోంది అంటే మెల్లగా ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూసుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోంది అంటే మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం, గట్టిగా ఉందని అర్థం, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అది పోయిందంటే ఖర్చు చాలా పెద్దది, కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి పక్కకి ఆపుకోవాలి. రెండోది, స్కానర్, అంటే బండి కంప్యూటర్ పట్టుకున్న తప్పుని చదివే చిన్న మిషన్, పెట్టాక కోడ్, అంటే ఆ తప్పు నంబరు, కనబడగానే ఎరేస్ కొట్టొద్దు. ముందు ఫోటో తీయండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, ఆ తప్పు పట్టుకున్న టైంకి స్పీడు ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడెక్కి ఉందా లేదా అన్నీ అందులో ఉంటాయి. ఎరేస్ కొడితే అది కూడా పోతుంది.

యాంకర్: మొదటి కాలర్, జనగామ నుంచి. హలో.

కాలర్ (జనగామ): హలో... హలో అన్నా, ఇనబడుతుందా?

యాంకర్: వినబడుతోంది, కొంచెం టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్ (జనగామ): తగ్గించిన. అన్నా నమస్తే. నాది 2014 వ్యాగన్ఆర్, పెట్రోలే, గ్యాస్ కిట్ గిట్ల ఏం లేదు. మొన్న మా బామ్మర్ది పెండ్లికి సిద్ధిపేట పోయినం, పొయ్యేటప్పుడు మంచిగనే ఉంది, వచ్చేటప్పుడు వాన పడ్డది, ఇంటికొచ్చినంక బండంతా బురద ఉందని తెల్లారి వాటర్ సర్వీసింగ్ చేపిచ్చిన, ఆ మరుసటి రోజు నుంచి లైటు వస్తాంది. ఎక్కుడు ఉంటే బండి జర్క్ ఇస్తది, గుంజుతలేదు. మెకానిక్ దగ్గరికి తీస్కపోతే ఆక్సిజన్ సెన్సార్ పోయింది అన్నడు, మార్పిచ్చిన, మూడు వేలు అయింది, వారం కాలే మళ్ల లైటు వచ్చింది. ఇప్పుడు ఏమంటున్నడంటే ఇంకో సెన్సార్ ఉంటది కింద, అది కూడ మార్చాలె అంటున్నడు. మార్చాల్నా అన్నా?

మెకానిక్: ఆగండి ఆగండి. కోడ్ ఏమొచ్చింది?

కాలర్ (జనగామ): మా పిలగాడు ఆన్‌లైన్ల స్కానర్ తెప్పిచ్చిండు అన్నా, ఏడు వందలకు, బ్లూటూత్‌ది. ఫోన్ల చూపిస్తాంది, ఆగు... పీ0302 ఒకటి, పీ0171 ఒకటి.

మెకానిక్: ఫోటో తీశారా?

కాలర్ (జనగామ): తీసిండు తీసిండు.

మెకానిక్: మంచి పని చేశాడు. ఇప్పుడు వినండి. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్, చివరన ఉన్న అంకె సిలిండర్ నంబరు. పీ0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. మీ మెకానిక్ రెండోది చూసి సెన్సార్ మార్చాడు. కానీ జరిగేది ఏంటంటే, రెండో సిలిండర్ మండకపోతే అందులో గాలి కాలకుండా అట్లాగే బయటికి వస్తుంది, ఆ గాలిలో ఆక్సిజన్ ఉంటుంది కదా, సెన్సార్ దాన్ని చూసి బండిలో పెట్రోలు తక్కువైంది అని చెప్తుంది. సెన్సార్ తప్పు చెప్పలేదు. ముందు మిస్సింగ్ సంగతి చూస్తే రెండో కోడ్ దానంతట అదే పోయే అవకాశం ఎక్కువ. కోడ్ అనేది వీధి పేరు చెప్తుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

కాలర్ (జనగామ): అంటే కింద సెన్సార్ మార్చొద్దా?

మెకానిక్: వద్దండి. ఇప్పుడు బండి ఎక్కడుంది?

కాలర్ (జనగామ): ఇంటి ముంగటనే ఉంది అన్నా. నేను బండి కాడనే ఉన్న. పొద్దున నుంచి స్టార్ట్ చెయ్యలే.

మెకానిక్: చల్లగా ఉంది కదా, సరే అయితే. కీ తీసి జేబులో పెట్టుకోండి, కీ ఆన్‌లో ఉంటే ముందు ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, చేతులు పోతాయి. బానెట్ ఎత్తండి. ఇంజిన్ పైన వరసగా మూడు కాయిల్స్, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంపేవి, ఉంటాయి, ఒక్కో దానికి ఒక వైరు కనెక్టర్, ఒక బోల్ట్. మధ్యలోదే రెండోది. పది నంబర్ స్పానర్ ఉందా?

కాలర్ (జనగామ): ఉంది అన్నా. బిడ్డా ఆ డబ్బా తే... ఆఁ.

మెకానిక్: కనెక్టర్ లాక్ నొక్కి మెల్లగా తీయండి, వైరు పట్టుకుని గుంజొద్దు, పాత ప్లాస్టిక్కు, లాక్ విరిగిపోతుంది. ఆ తర్వాత బోల్ట్ తీసి కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి.

యాంకర్: ఆయన తీసేలోపు ఇంకో కాల్ తీసుకుందామా అండి?

మెకానిక్: ఒక్క నిమిషం ఉండనివ్వండి, ఇది అందరికీ పనికొస్తుంది.

కాలర్ (జనగామ): వచ్చింది అన్నా. కింద పొడుగు రబ్బర్ ఉంది. తడి ఉన్నట్టే ఉంది... రబ్బర్ మీద సన్న గీత లెక్క ఉంది నల్లగ, గీకినట్టు. స్ప్రింగ్‌కి తుప్పు కూడ పట్టింది.

మెకానిక్: చూశారా. సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు ఆ గుంతలోకి పోయాయి, అక్కడే నిలబడ్డాయి. కరెంటు ప్లగ్గులోకి పోకుండా ఆ తడి మీద నుంచి పక్కకి దూకుతోంది, ఆ నల్ల గీత దాని దారే. ఒకసారి ఆ గీత పడిందంటే తుడిచినా మళ్లీ అదే దారిలో దూకుతుంది. లైటేసి గుంతలోకి చూడండి, నీళ్లు ఉన్నాయా, నూనె ఉందా?

కాలర్ (జనగామ): నీళ్ల లెక్కనే మెరుస్తాంది అన్నా. నూనె అయితే లేదు.

మెకానిక్: నూనె ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్, అంటే ఇంజిన్ పైమూత కింద నూనె ఆపే రబ్బరు, పోయిందని అర్థం, అప్పుడు అది మార్చకుండా కాయిల్ ఒక్కటి మారిస్తే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ. మీకు నీళ్లే కాబట్టి బట్టతో, లేకపోతే గాలి పంపుతో ఆరబెట్టండి. నీళ్లు, చెత్త ఉండగా ప్లగ్గు ఊడదీయొద్దు, అదంతా సిలిండర్‌లో పడుతుంది. ఆరాక ప్లగ్గు తీసి చూసుకోండి, తెల్ల పింగాణీ మీద కూడా అలాంటి గీత ఉంటే ప్లగ్గు కూడా మార్చాలి. బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పాలి, పైన హెడ్డు అల్యూమినియం, అడ్డంగా ఎక్కించి స్పానర్ వేశారంటే మరలు పోతాయి.

కాలర్ (జనగామ): సరే అన్నా. మరి ఆ కింద సెన్సార్...

మెకానిక్: (కొంచెం గట్టిగా) వద్దు అన్నాను కదండీ! ఇప్పటికే మూడు వేలు పోయాయి. ఈ కాయిల్ తీసి మూడో దాంట్లో పెట్టండి, మూడోది ఇందులో పెట్టండి, కోడ్ ఎరేస్ చేసి నడపండి. ఫోటో ఉంది కాబట్టి ఇప్పుడు ఎరేస్ కొట్టొచ్చు. పీ0303 వచ్చిందంటే తప్పు కాయిల్‌తో పాటే నడిచింది, కాయిల్ ఖాయం. మళ్లీ పీ0302 అనే వస్తే ప్లగ్గులు కూడా అట్లాగే మార్చి చూడండి, అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్, అప్పుడు షాపుకి తీసుకెళ్లండి. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. లైటు కొట్టుకోవడం మొదలైతే మాత్రం దూరం పోకండి, వెనక్కి వచ్చేయండి.

కాలర్ (జనగామ): సమజైంది అన్నా. చాలా థ్యాంక్స్. సర్వీసింగోనికి ఏం జెప్పాలె మరి?

మెకానిక్: ఇంజిన్ మీద ప్రెషర్ కొట్టొద్దని చెప్పండి, తడి బట్టతో తుడిస్తే చాలు.

యాంకర్: థ్యాంక్యూ అండి. నెక్స్ట్ భీమవరం నుంచి.

కాలర్ (భీమవరం): నమస్కారమండి. నాది పాత సాంత్రో అండి. ఎర్ర లైటు అండి, నూనె చుక్క కారుతున్న చెంబులాగ బొమ్మ ఉంటదండి, అది మలుపుల దగ్గర వెలిగి ఆరిపోతందండి. స్కానర్ కొనుక్కుంటే సరిపోతదాండి?

మెకానిక్: అది చెక్ ఇంజిన్ లైటు కాదండి! ఆయిల్ ప్రెషర్. స్కానర్ అక్కర్లేదు, బండి ఆపేయండి. సమతలంగా పెట్టి, కొంచెంసేపాగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. మలుపుల్లో వస్తోందంటే ఆయిల్ బాగా తగ్గిపోయి ఉంటుంది, ఒక పక్కకి ఒరిగినప్పుడు పంపుకి అందట్లేదు. ఆయిల్ పోసినా లైటు వస్తే సెల్ఫ్ కూడా కొట్టొద్దు, తాడు కట్టి తీసుకెళ్లండి.

కాలర్ (భీమవరం): ఆయ్, మరి రేపు ఏలూరు వెళ్లాలండి...

మెకానిక్: బస్సులో వెళ్లండి. దయచేసి. ఇంజిన్ పట్టేస్తే బండి ఖరీదంత అవుతుంది.

యాంకర్: థ్యాంక్యూ. తర్వాత అమెరికా, డల్లాస్ నుంచి.

కాలర్ (డల్లాస్): హాయ్ సార్. 2008 క్యామ్రీ, సెకండ్ కారు. పార్ట్స్ షాపులో ఫ్రీగా కోడ్ చదివారు, పీ0455. నెక్స్ట్ వీక్ ఎమిషన్స్ టెస్ట్, అదే పొగ పరీక్ష, ఉంది, ఎరేస్ చేసేసి వెళ్దామనుకుంటున్నా.

మెకానిక్: ఎరేస్ చేసి వెంటనే వెళ్తే రెడీనెస్ మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ ఒక్కో భాగాన్ని తనే పరీక్షించుకుని పూర్తయిందని పెట్టుకునే గుర్తులు, ఖాళీగా ఉంటాయి బాబూ, అక్కడ మిషన్ పెట్టగానే కోడ్ చెరిపేసి వచ్చారని తెలిసిపోతుంది, టెస్టు పూర్తి చేయరు. పీ0455 అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో లీక్ అవుతోంది అని. ముందు గ్యాస్ క్యాప్, అంటే పెట్రోలు ట్యాంకు మూత, తీసి చూడండి, లోపల రబ్బరు రింగు పగిలిందా, ఎండిపోయిందా. పాత క్యాప్ అయితే కొత్తది వేయండి, క్లిక్ మనేదాకా బిగించండి. అదే కారణమైతే కొన్ని డ్రైవ్‌ల తర్వాత లైటు తనంతట అదే ఆరిపోతుంది. తొందర ఉండి ఎరేస్ చేసినా మానిటర్లు పూర్తయ్యేదాకా సిటీలో, ఫ్రీవే మీద నాలుగైదు రోజులు తిప్పాలి. ఫోన్‌లో యాప్ ఉంటే మానిటర్లు పూర్తయ్యాయో లేదో చూసుకునే వెళ్లండి.

కాలర్ (డల్లాస్): ఐఫోన్‌కి స్కానర్ కనెక్ట్ అవ్వట్లేదు సార్, ఫ్రెండ్ ఇచ్చాడు.

మెకానిక్: పాత రకం బ్లూటూత్‌ది అయితే ఐఫోన్‌కి పని చేయదు, వైఫై ఉన్నది గానీ బ్లూటూత్ ఎల్ఈ ఉన్నది గానీ తీసుకోవాలి.

యాంకర్: థ్యాంక్యూ. అనంతపురం నుంచి మేడం ఉన్నారు.

కాలర్ (అనంతపురం): నమస్తే సార్. మా ఆయన పాత స్విఫ్ట్ చూసినాడు సార్, 2013 పెట్రోలు. అమ్మేవాళ్లు లైటు ఏమీ రాదు, బండి సూపర్‌గా ఉంది అంటాండారు. నాకెందుకో అనుమానంగా ఉంది.

మెకానిక్: మీ అనుమానం మంచిదేనమ్మా. బండి స్టార్ట్ చేయకుండా కీ ఒక్కటే ఆన్ చేయండి. అప్పుడు చెక్ ఇంజిన్ లైటు తప్పకుండా వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. కీ ఆన్ చేసినా అసలు వెలగలేదు అంటే బల్బు తీసేశారు, లేదా మీటర్ లోపల దాన్ని మూసేశారు. అలాంటి బండి ముట్టుకోవద్దు.

కాలర్ (అనంతపురం): వెలిగితే తీసుకోవచ్చా సార్?

మెకానిక్: ఇంకోటి ఉందమ్మా. స్కానర్ పెట్టి కోడ్‌లు చూడండి, కోడ్ ఏమీ లేదన్నా సంతోషపడొద్దు, మానిటర్లు చూడండి. అన్నీ ఖాళీగా ఉంటే ఈ మధ్యే బ్యాటరీ తీశారు, లేకపోతే కోడ్‌లు చెరిపేశారు. ఒక అరగంట నడిపి మళ్లీ చూడండి. మన దేశంలో బీఎస్-4 పొగ నిబంధనల కార్లకి ఓబీడీ, అంటే బండి తన తప్పులు తనే పట్టుకునే ఏర్పాటు, దాని రెండో దశ ఏప్రిల్ 2013 నుంచి తప్పనిసరి అయింది, మీరు చూసే బండి ఆ నెలకి ముందుదైతే కొన్ని వివరాలు తక్కువగా రావచ్చు. అంతకంటే బాగా పాతవాటిలో కొన్నింటికి ఈ చవక స్కానర్లు అసలు కనెక్ట్ కావు, దానికి మెకానిక్ దగ్గర ఉండే మిషనే కావాలి.

కాలర్ (అనంతపురం): స్కానర్ యాడ పెట్టాల సార్?

మెకానిక్: డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ కిందకి చెయ్యి పెట్టి చూడండి, పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. కొన్నిటికి మూత ఉంటుంది. పని అయిపోయాక తీసేయండి, అక్కడే వదిలేస్తే బండి చాలా రోజులు ఆగినప్పుడు బ్యాటరీ దిగిపోతుంది.

యాంకర్: టైం దగ్గర పడింది, చివరి కాల్ తెనాలి నుంచి. త్వరగా చెప్పండి.

కాలర్ (తెనాలి): నమస్తే అండి, మా బండి పొలం దగ్గర షెడ్డులో ఉంటుంది. లైటు వచ్చింది, మెకానిక్ వచ్చి ఎలకలు వైర్లు కొరికాయి, వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నాడు.

మెకానిక్: కొరికింది ఒకచోటే అయితే మొత్తం ఎందుకండీ? బ్యాటరీ నెగటివ్ తీసి, అంతకన్నా ముందు కోడ్ ఫోటో తీయండి, ఆ కోడ్‌లో ఏ సెన్సార్ పేరు వచ్చిందో ఆ కనెక్టర్ నుంచి వెనక్కి వేలు పెట్టి తడుముకుంటూ రండి, ఎలక పళ్ల గాటు చేతికి తగులుతుంది. తెగిన వైరు అతికించి, సోల్డర్ వేసి, పైన హీట్ ష్రింక్ ట్యూబ్, అంటే వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం, తొడిగించండి. ఉత్త టేపు చుట్టి వదలొద్దు, తడి లోపలికి పోయి రాగి పచ్చబడుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లకి పసుపు రంగు తొడుగు ఉంటుంది, వాటిని మాత్రం మీరు ముట్టుకోవద్దు.

కాలర్ (తెనాలి): మళ్లీ రాకుండా ఏం చెయ్యాలండి, పొగాకు పెట్టమంటున్నారు?

మెకానిక్: పొగాకు కాడలు చాలామంది పెడతారు, కొన్నాళ్లు పని చేస్తుంది, వాసన పోయాక మార్చాలి. సైలెన్సర్‌కి, బెల్టులకి దగ్గరగా పెట్టొద్దు, ఎండాకు అంటుకుంటుంది. ధాన్యం బస్తాల పక్కన మాత్రం బండి పెట్టకండి, మూడు నాలుగు రోజులకొకసారి బానెట్ ఎత్తి చూడండి, గడ్డి, వడ్లు కనబడితే ఎలక అప్పటికే కాపురం పెట్టినట్టు.

కాలర్ (తెనాలి): అలాగే అండి. ఇంకొకటి అడగనా, ఏసీ వేస్తే...

యాంకర్: సారీ అండి, టైం అయిపోయింది, ఏసీ ప్రశ్న వచ్చే వారం తీసుకుందాం. మెకానిక్ గారికి, ఫోన్ చేసిన వాళ్లందరికీ థ్యాంక్స్. నమస్కారం.